వేలెడు ఖాళీ

అరవై నాలుగు గొర్రెలకు గదులు కట్టడం ఆ గురువారం పొద్దున పుష్పావతి పని. కొయ్య గొర్రెలు. ఒక్కోటి చింతగింజంత. నాలుగు రంగులు, రంగుకు పదహారు. వాటితోపాటు ఐదు తోడేళ్ళు, నలభై ఊళ్ళ కార్డులు, రెండు పాచికలు, నీలంరంగు వాన బిళ్ళలు ఆరు. ఆట పేరు ‘మంద’. గొర్రెల్ని తోలుకుంటూ ముదిగుబ్బ, నల్లచెరువు, అగళి మీదుగా మేత వెతుక్కుంటూ పోవాలి. వాన బిళ్ళలు ఆరే ఉండటం చూసి, ఈ ఆట కనిపెట్టిన రేష్మ అనే పిల్ల ఈ సీమదేనని పుష్పావతి ఎవరూ చెప్పకుండానే కనుక్కుంది.

ఇలాంటి ఆటలు కొంటే పెట్టెలో అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో కలగాపులగంగా వస్తాయి. ఆడే ముందు అరగంట ఏరుకోవాలి, ఆడాక అరగంట సర్దుకోవాలి. ఆ బాధ పడలేనివాళ్ళు పెట్టె లోపల అరలు చేయించుకుంటారు. రెండు కాగితాల మధ్య నురుగు నింపిన తెల్లటి ఫోమ్ బోర్డు, అరసెంటీమీటరు మందం, దాంతో ఏ వస్తువుకు తగ్గ గది ఆ వస్తువుకు కట్టాలి. హిందూపురంలో ఈ పని చేసేది పుష్పావతి ఒక్కతే. చేస్తుందని తెలిసింది కూడా దాదాపు ఆమె ఒక్కతికే. ఎందుకంటే ఆర్డర్లు వచ్చేది ధర్మవరంలో పట్టుచీరల పెట్టెలు చేసే కేశవకు. ఫోన్లో అతను పెట్టే వీడియోల్లో చేతులు పుష్పావతివి, మొహం కేశవది.

ఆమె స్టీలు స్కేలును ఎడమచేత్తో అదిమిపట్టి కత్తిని మూడుసార్లు లాగింది. మొదటిసారి పై కాగితం తెగాలి, రెండోసారి నురుగు, మూడోసారి అడుగు కాగితం. ఒకేసారి తెంపేయాలనుకున్నవాళ్ళకు అంచు ఎలుక కొరికినట్టు వస్తుంది. నాలుగు కోతలకొకసారి కత్తి మొనను పటుక్కున విరిచి కొత్త మొన బయటికి లాగింది. గోడల అంచులకు తెల్ల జిగురు సన్నగా రాసి, నిలబెట్టి, ఆరేదాకా కదలకుండా గుండుసూదులు గుచ్చింది.

ఫోన్ మోగింది. కేశవ.

“ఏమ్మా పుష్పావతీ, గోడలెంత ఎత్తు పెట్టినావు?”

“ఐదున్నర సెంటీమీటర్లన్నా. పైన ఆట అట్ట, పుస్తకం పెడితే మూత సరిగ్గా కూచుంటాది.”

“సరిగ్గా కూచోకూడదమ్మా. ఒక సెంటీమీటరు దించు. పైన వేలెడు ఖాళీ ఉండాల.”

“ఎందుకన్నా?”

“ఎందుకేంది? పట్టుచీర పెట్టెకు ఖాళీ వదలకుంటే మూత ఒత్తుకోని జరీ మడత విరిగిపోతాది. మా నాయన కాలం నుంచి అదే లెక్క.”

“గొర్రెలకు జరీ లేదు కదన్నా.”

“నవ్వులాట కాదు. మూత ఒత్తితే పెట్టె ఉబ్బుతాది. దించు.”

పుష్పావతి కత్తి కింద పెట్టింది. “ఆ రేష్మ పాప పంపిన ఫోటో చూసినారా? వాళ్ళింట్లో ఆటల పెట్టెలన్నీ అరలో నిలబెట్టి ఉండాయి, పుస్తకాల మాదిరి. ఖాళీ వదిలితే, నిలబెట్టినప్పుడు అట్ట పక్కకు జరిగి గొర్రెలన్నీ గోడ దాటుకోని కలిసిపోతాయి.”

అవతల కేశవ నవ్వాడు. “పెట్టెను ఎవురన్నా నిలబెడ్తారామ్మా? ఫోటో కోసం పెట్టింటారు. ముప్పై ఏండ్లుగా పెట్టెలు చేస్తాండా, నిలబడిన పెట్టె ఒకటన్నా చూడలా. రేపు తీసుకోనిరా, ఈడనే దించుదువు.”

అతను అబద్ధం చెప్పలేదు. ధర్మవరంలో ఏ కొట్టుకెళ్ళినా, ఏ బీరువా తెరిచినా, పెట్టెలు పడుకునే ఉంటాయి.

మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన మొగుడు తిప్పేస్వామి గొర్రెలు, బోర్డు ముక్కలు పరిచిన భోజనాల బల్లవైపు చూశాడు. ఆర్టీసీలో డ్రైవరు కాబట్టి అడ్డమొచ్చినవాటిని చూసి ఆగడం అతనికి అలవాటే. కంచం తీసుకుని నేలమీద కూర్చున్నాడు.

“గొర్రెలు తినినంక ఏమన్నా మిగిల్తే నాకింత పెట్టు.”

“అవి ఇంకా కూచోలేదు. నువ్వు తిను.”

*

శుక్రవారం ప్యాసింజర్లో ధర్మవరం చేరేదాకా పెట్టె ఆమె ఒళ్ళోనే ఉంది. ఫోన్లో ఆ ఫోటోను వెతికి, పెద్దది చేసి, చూపించడానికి సిద్ధంగా పెట్టుకుంది. ఫోన్లో చెబితే వినని మనిషికి ఎదురుగా చూపిస్తే అర్థమవుతుంది. కేశవ మొండివాడే కానీ మొద్దు కాదు.

కొట్టులో పుల్లన్న చీరపెట్టెల మూతలకు బంగారురంగు కాగితం అతికిస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా అతికిస్తున్నాడు కాబట్టి చేతులవైపు చూడకుండా మనుషులవైపు చూస్తూ అతికిస్తాడు.

“రామ్మా. గొర్రెలు యాడికొచ్చినాయి?”

“ధర్మవరం దాకా వచ్చినాయి. మేత లేదంట.”

కేశవ లోపలినుంచి ఒక కాగితం పట్టుకొని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. “చూడమ్మా ఇది. ఆట పుస్తకం ఆఖరి పేజీ. రేష్మ మేడమ్ పంపింది. సోమవారం ప్రెస్సుకు పోతాది. మొదట ముప్పై పెట్టెలు చేయిస్తారంట, ముప్పైకీ అరలు మనవే. ఆదివారం పెనుకొండలో వాళ్ళింటికి పోయి ఈ నమూనా చూపిస్తే ఖాయం.”

పుష్పావతి కాగితం అందుకుంది. ఆట రూపకల్పన: రేష్మ. దాని కింద బొమ్మలు వేసినవాళ్ళ పేరు, అట్ట ముద్రించినవాళ్ళ పేరు. అన్నిటికన్నా కింద, పెట్టె అరల రూపకల్పన: కేశవ, ధర్మవరం.

రెండుసార్లు చదివింది. మొదటిసారి కళ్ళతో, రెండోసారి వేలు పెట్టి.

“నా పేరు లేదే అన్నా.”

“నీ పేరెందుకమ్మా? నువ్వు మన మనిషివే కదా. షాపు పేరుంటే నీ పేరున్నట్టే.”

“షాపు పేరు లేదు. మీ పేరుండాది.”

“షాపంటే నేనే కదా.”

పుల్లన్న మూతవైపు చూడకుండానే అంచు మడిచి నొక్కాడు. “అట్లయితే ఇరవై ఏండ్లుగా నేనెవురప్పా?”

“నువ్వు పని చూడు,” అన్నాడు కేశవ. ఆమెవైపు తిరిగి గొంతు తగ్గించాడు. “గీసింది, కోసింది నువ్వే, కాదంటానా? కానీ కొలత చెప్పేవాడు ఒకడుండాల కదా. ఆ గోడల సంగతి చూడు, నేను చెప్పకపోతే నువ్వు దించుతావా?”

పుష్పావతి చేతిలో ఫోన్ ఉంది. తెరమీద ఆ ఫోటో ఉంది. ఎర్రటి అరలో నిలబడిన పదకొండు పెట్టెలు. బొటనవేలితో పక్కమీట నొక్కింది. తెర నల్లబడింది. ఫోన్‌ను సంచిలో వేసుకుంది.

“దించమంటారా అన్నా?”

“దించు.”

“ఒక సెంటీమీటరేనా?”

“వేలెడు. అంతే.”

ఆమె కత్తి పాత మొన విరిచింది. కొట్టు బల్లమీద అరలన్నిటినీ పరిచి, ఒక్కో గోడకు పెన్సిల్‌తో గీత గీసి, స్కేలు ఆనించి కోయడం మొదలుపెట్టింది. కట్టిన గోడను కోయడం కట్టనిదాన్ని కోసినంత సులువు కాదు. గోడకు లోపలినుంచి కొయ్యముక్క ఆనించి, కత్తిని అడ్డంగా పడుకోబెట్టి లాగాలి. తెల్లటి పట్టీలు ఒకటొకటిగా బల్ల కింద పడ్డాయి. కేశవ పక్కనే నిలబడి, ప్రతి కోతకూ తల ఊపాడు. పుల్లన్న మాత్రం మొదటిసారి పని ఆపి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె మొహంలో ఏమీ లేదు. ఉప్పు తక్కువైన కూర తింటూ బాగుందని చెప్పే చుట్టం మొహంలా మర్యాదగా ఉంది.

*

శనివారం పుష్పావతి గదిలో ఒంటరిగా పెట్టె సర్దింది. ఎర్ర గొర్రెలు, నల్లవి, తెల్లవి, పచ్చవి. తోడేళ్ళు వేరే గదిలో. పైన అట్ట, పుస్తకం, మూత. పెట్టెను రెండు చేతులతో ఎత్తి, చీరల బీరువా కింది అరలో నిలబెట్టింది.

లోపల ఏదో జారింది. ఆ తర్వాత అన్నీ జారాయి.

“ఏమా చప్పుడు?” నడవలోంచి తిప్పేస్వామి కేకేశాడు.

“ఏం లేదు. గొర్రెలు.”

తెరిచి చూసింది. తోడేళ్ళు మందలోకి దూరాయి. కార్డుల మధ్యన రెండు వాన బిళ్ళలు ఇరుక్కున్నాయి. నేలమీద కూర్చుని ఒక్కోటీ ఏరి గదుల్లో వేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆమెకు తెలుసు, దీనికి మందు ఇంట్లోనే ఉందని. అరలన్నిటిమీదా కప్పేటట్టు ఒక సెంటీమీటరు మందం పలక కోసి పెడితే చాలు. బోర్డు గోడకు ఆనించి ఉంది. కత్తి చేతిలో ఉంది.

కత్తి మూసి డబ్బాలో పెట్టింది. పెట్టింది కానీ, రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకోవడం మర్చిపోయి ఉత్తన్నం కలుపుకుంటూ కూర్చుంది. ఆ పాప నచ్చలేదని బెంగళూరులో మిషన్ల మీద కోసేవాళ్ళకు ఇచ్చేస్తే? పేరు సరే, పనే పోతుంది. ముప్పై పెట్టెలు పోతాయి. ఆ తర్వాత కేశవ తన దగ్గరికి ఏ పెట్టె పంపుతాడు?

ఆదివారం పొద్దున పెట్టెకు అడుగున ఒక బోర్డు, పైన ఒక బోర్డు పెట్టి దారంతో కట్టింది. దారిలో నలగకుండా, అని తనకు తానే చెప్పుకుంది. అడిగినవాళ్ళెవరూ లేరు.

*

పెనుకొండలో రేష్మ ఇల్లు బస్టాండుకు దగ్గరే. వారమంతా బెంగళూరులో ఉద్యోగం, ఆదివారాలు అమ్మ దగ్గర. హాల్లో ఎర్రటి అర, దానిలో నిలబడిన పెట్టెలు, ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. పుష్పావతి వాటిని చూసింది. కేశవ కూడా చూశాడు. చూసి గోడ మీది గడియారం వైపు తిరిగాడు.

“కూచోండన్నా. నువ్వు కూడా కూచో అక్కా,” అంది రేష్మ.

“ఈమె మా దగ్గర పనిచేస్తాది మేడమ్. జిగురు యాడన్నా ఊడితే పెట్టేదానికి పిల్చుకోనొచ్చినా,” అన్నాడు కేశవ.

రేష్మ వాళ్ళమ్మ టీ గ్లాసులు తెచ్చింది. “చదివించి ఉద్యోగంలో పెడితే గొర్రెలు కాస్తాంది చూడమ్మా నా కూతురు,” అంది పుష్పావతితో. “అవి కూడా కొయ్యవి. పాలన్నా ఇయ్యవు.”

“గొర్రెలు పాలకు కాదులేమ్మీ,” అంది రేష్మ.

పుష్పావతి దారం విప్పి బోర్డులు పక్కన పెట్టాక రేష్మ పెట్టె తెరిచింది. కార్డుల గదికి ముందువైపు అర్ధచంద్రంలా కోసిన సందులో వేళ్ళు పెట్టి కార్డులు పైకి తీసింది, మళ్ళీ దించింది, మళ్ళీ తీసింది. వాన బిళ్ళల గది అడుగు వాలుగా ఉండటం చూసి, ఒక చివర నొక్కింది. బిళ్ళ రెండో చివర పైకి లేచి వేలికందింది.

“ఇదెట్ల తట్టింది మీకు?”

“అనుభవం మేడమ్,” అన్నాడు కేశవ. “డిజైన్ చేసేటప్పుడు మనిషి చేతివేళ్ళు యాడుంటాయో చూసుకోవాల. గోడల ఎత్తు చూడండి. పైన వేలెడు ఖాళీ వదిలించినా. మూత ఎంత సులువుగా పడతాదో చూడండి.”

మూత సులువుగానే పడింది. రేష్మ నవ్వుకుంటూ పెట్టెను ఎత్తి, ఎర్రటి అర దగ్గరికి నడిచి, రెండు పెట్టెల మధ్య సందు చేసి, నిలబెట్టింది.

రేకుల ఇంటిమీద వడగళ్ళు పడినట్టు చప్పుడైంది.

రేష్మ పెట్టెను దించి, బల్లమీద పెట్టి మూత తీసింది. అట్ట ఒక పక్కకు జారి ఉంది. గొర్రెలు, తోడేళ్ళు, బిళ్ళలు, పాచికలు అన్నీ ఒక మూల గుట్టపడి ఉన్నాయి.

“ఇట్లయితే కష్టమన్నా,” అంది రేష్మ మెల్లగా. “రేపు పొద్దున ఫైలు ప్రెస్సుకు పోవాల. ఆటలాడేవాళ్ళు ఎవరైనా పెట్టెలు నిలబెట్టే పెట్టుకుంటారు. మీకు తెలీదా? బెంగళూరులో మిషన్ మీద కోసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఈ రోజే చెప్పాల్నో ఏమో.”

కేశవ గొర్రెల గుట్టవైపు చూశాడు, అరలో నిలబడిన పెట్టెలవైపు చూశాడు, పుష్పావతివైపు చూశాడు.

“నేను చూసుకోలేదు మేడమ్. ఇదంతా చేసింది ఈమేనే. కొలతలు, గీతలు, కోతలు, అన్నీ ఈమేనే. ఇంట్లో కూచోని చేస్తాది. నేను దుకాణం పనిలో పడి...”

రేష్మ పుష్పావతివైపు తిరిగింది. “అంతా నువ్వేనా అక్కా?”

పుష్పావతి దగ్గర ఒక వాక్యం ఉంది. గురువారం నుంచీ ఉంది. గోడలు దించమన్నది ఈయన, నేను వద్దన్నా, అనే వాక్యం. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కానీ ఆ వాక్యం చెబితే కొలత చెప్పినవాడు కేశవ అవుతాడు, ఆమె కోసిన చెయ్యి అవుతుంది. ఆఖరి పేజీ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఆ పేజీకి తగిన పెట్టె మాత్రం ఉండదు, పని బెంగళూరుకు పోతుంది.

“అంతా నేనే,” అంది.

“ఈ ఖాళీ కూడానా?”

“ఖాళీ కూడా. తప్పే. ఒక గంట టైమిస్తే సరిచేస్తా.”

కేశవ గండం గడిచినవాడిలా సోఫాలో వెనక్కి వాలాడు.

ఆమె నేలమీద కూర్చుని, సంచిలోంచి కత్తి, స్కేలు తీసి, పక్కన పెట్టినవాటిని దగ్గరికి లాక్కుంది. పెట్టె పైనా కిందా కట్టుకొచ్చిన రెండు బోర్డులు. ఒక్కోటి అరసెంటీమీటరు. పెట్టె లోపలి కొలత నాలుగు చోట్ల తీసింది, ఎందుకంటే ఏ పెట్టే అన్ని మూలలా ఒక్కలా ఉండదు. మొదటి బోర్డు కోసింది. పై కాగితం, నురుగు, అడుగు కాగితం. రెండోది కోసేటప్పుడు అరచేయి చెమటకు స్కేలు అర మిల్లీమీటరు జారింది. ఆగి, చెయ్యి చీరకు తుడుచుకుని, మళ్ళీ పెట్టింది. మూడో బోర్డు లేదు. ఇది చెడితే అంతే.

“పదకొండున్నరకు నా బండి,” అన్నాడు కేశవ.

“పోయి రా నాయనా, ఆమె చేస్తాది కదా,” అంది రేష్మ వాళ్ళమ్మ. కేశవ కదల్లేదు.

రెండు ముక్కలకూ మధ్యన జిగురు రాసి అతికించి, చుట్టూ సూదులు గుచ్చింది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, ఖాళీ గ్లాసును పలక అంచున బోర్లించి చుట్టూ సగం గీత గీసింది. వేళ్ళు పెట్టి పలకను పైకి తీయడానికి రెండు సందులు కావాలి. ఆ వంపుల్ని కత్తి మొనతో కొంచెం కొంచెంగా, మామిడికాయ తొక్క తీసినట్టు తిప్పుతూ కోసింది. రేష్మ పక్కనే కూర్చుని గొర్రెల్ని రంగులవారీగా ఏరుతోంది. ఏరుతూ కత్తివైపే చూస్తోంది.

“మూడుసార్లు ఎందుకక్కా లాగుతావు?”

“ఒకేసారి లాగితే నురుగు పీక్కోనొస్తాది. దానికి తొందర గిట్టదు.”

పలక దిగింది. బిగువుగా, చుట్టూ సమంగా. పైన అట్ట, పుస్తకం, మూత. రేష్మ పెట్టెను నిలబెట్టింది. తర్వాత తలకిందులు చేసింది. తర్వాత, వాళ్ళమ్మ “వద్దే” అంటున్నా వినకుండా, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

చప్పుడు లేదు.

మూత తీసి చూశారు. పదహారు ఎర్రవి ఎర్రగదిలోనే ఉన్నాయి. తోడేళ్ళు తమ గదిలో కదలకుండా ఉన్నాయి.

“ముప్పైకీ ఇట్లే పలక పెడతావా అక్కా?”

“లేదు పాపా. ఇది మాసిక. ముప్పైకీ గోడలే లేపుతా, పలక అవసరముండదు. కార్డులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకునేవాళ్ళుంటారు, ఆ గది కూడా నాలుగు మిల్లీమీటర్లు పెంచాల. ఈ పెట్టె ఇట్లనే ఉంచుకో, కొలతలు నేను రాసుకున్నా.”

రేష్మ లేచి ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. ఆఖరి పేజీ తెరిచింది. “నీ పూర్తి పేరు చెప్పక్కా.”

కేశవ సోఫాలో ముందుకు జరిగాడు. “మేడమ్, ఆ పేజీ మొన్ననే ఖాయం చేసినాం కదా. డిజైన్ అంటే షాపు తరఫున...”

“మీరే చెప్పినారు కదన్నా. కొలతలు, గీతలు, కోతలు, అన్నీ ఈమేనేనని.” రేష్మ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతోంది. “కాదా? గోడల కొలత మీదా?”

కేశవ నోరు తెరిచాడు. అవునంటే ఆ గొర్రెల గుట్ట అతనిదవుతుంది. పుష్పావతివైపు చూశాడు. ఆమె నేలమీద రాలిన నురుగు పొట్టును తడివేలితో అద్ది అద్ది ఏరుతోంది. తల ఎత్తలేదు.

“ఈమెదే,” అన్నాడు కేశవ.

“పుష్పావతి, హిందూపురం,” అంది పుష్పావతి, నేలవైపు చూస్తూనే.

*

పదకొండున్నర బండి పోయింది. తర్వాతిది వచ్చేదాకా ఇద్దరూ పెనుకొండ స్టేషన్లో ఒకే బెంచీమీద కూర్చున్నారు. అతను ధర్మవరం వైపు, ఆమె హిందూపురం వైపు. మధ్యలో ఆమె సంచి. కేశవ ఆ సంచితోనే మాట్లాడుతున్నట్టు తల వంచుకొని అడిగాడు.

“నీకు ముందే తెలుసు కదమ్మా.”

“గురువారం చెప్పినా కదన్నా.”

“ఒక్కసారే చెప్పినావు.”

“ఫోటో చూపించి రెండోసారి చెబుదామనే శుక్రవారం ధర్మవరం వచ్చినా.”

“మరి చెప్పలేదే?”

“చెప్పింటే మీరు వినేవాళ్ళన్నా,” అంది పుష్పావతి. “అదే భయమేసింది. ఆ పేజీ అట్లనే అచ్చుకు పోయేది.”

కేశవ ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. కోపమొస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. రావడానికి అది కూడా ఏదో బండికోసం ఆగినట్టుంది. ఈలోగా ధర్మవరం బండి వచ్చి నిలబడింది. అతను ఎక్కి, తలుపు దగ్గరే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. బండి కదిలాక వంగి అడిగాడు.

“ముప్పైకి బోర్డు ఎన్ని షీట్లు కావాల?”

“కొలిచి చెప్తా.”

ఎన్నని మళ్ళీ అడగకుండానే సరేనని తల ఊపాడు.